వూస్టర్ నుంచి క్విన్జీ దాకా: జాన్ ఆడమ్స్ ఊళ్ళలో నాలుగు రోజులు

తెనాలికి తిరిగి వచ్చి ఇంకా పది రోజులు కాలేదు. మా అమ్మాయి కట్టి ఇచ్చిన మేపుల్ సిరప్ సీసా మూత కూడా తీయకముందే ఈ నాలుగు రోజుల సంగతి రాసి పెట్టుకోవాలని కూర్చున్నాను. ముప్ఫై ఏళ్ళకు పైగా జూనియర్ కళాశాలలో పౌరశాస్త్రం చెప్పాను. అమెరికా రాజ్యాంగం పాఠం వచ్చినప్పుడల్లా వాషింగ్టన్‌కు ఒక పేరా, జెఫర్సన్‌కు ఒక పేరా, మాడిసన్‌కు ఒక పేరా దక్కేవి. రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ మాత్రం అధ్యక్షుల పట్టికలో ఒక గడికే పరిమితమయ్యేవాడు. మా అమ్మాయి కాపురముండే ష్రూస్‌బరీకి పక్కనే ఉన్న వూస్టర్‌లో ఆయన మూడేళ్ళు బడిపంతులుగా పనిచేశాడని తెలిసేసరికి, మన వృత్తివాడే కదా అన్న అభిమానం పుట్టింది. పదిహేనేళ్ళ మనవడికి బడి సెలవులిచ్చారు. వాణ్ణి తోడు తీసుకుని 2025 జూన్ ఆఖరి వారంలో బయలుదేరాను.

జూన్ 24, మంగళవారం – వూస్టర్

ఊరి పేరు రాసేదొకటి, పలికేదొకటి. అక్షరాలు చూసి 'వోర్సెస్టర్' అన్నానని మనవడు రోజంతా నవ్వాడు. ఆ రోజు బోస్టన్‌లో 102 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ కాసింది. వార్తల వాళ్ళు ప్రళయం వచ్చినట్టు మాట్లాడుతుంటే, రోహిణి కార్తె చూసిన ప్రాణానికి అది లెక్కలోనిది కాదనుకుని గొడుగు లేకుండా నడిచి, మధ్యాహ్నానికల్లా తలనొప్పి తెచ్చుకున్నాను.

లింకన్ స్క్వేర్ దగ్గర పాత కౌంటీ కోర్టు భవనం ఉంది. కోర్టు వేరే చోటికి మారిపోవడంతో అందులో ఇప్పుడు అద్దెకిచ్చే ఇళ్ళు కట్టారు. బాల్కనీలో ఎవరో ఆరవేసిన తువ్వాలు కనిపించింది గాని, స్తంభాల పైన రాతిలో చెక్కిన వాక్యం మాత్రం చెక్కుచెదరలేదు: చట్టానికి లోబడి ఉండడమే స్వేచ్ఛ. అది ఆడమ్స్ మాట కాదు, ఆయన తరువాత చాలా కాలానికి చెక్కినది. అయినా ఆయన పంతులుగా పనిచేసిన బడి ఉండిన చోటును తెలిపే ఫలకం ఆ పక్కనే ఉండడం వల్ల, ఆ రెంటినీ కలిపి చదవకుండా ఉండలేకపోయాను. హార్వర్డ్‌లో పట్టా పుచ్చుకుని 1755లో ఆయన ఈ ఊరికి వచ్చేనాటికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. తండ్రి చర్చిలో డీకన్. సేద్యం చేస్తూ చలికాలంలో చెప్పులు కుట్టేవాడు. కొడుకు మతగురువు కావాలన్నది ఆయన కోరిక. కొడుకు మాత్రం, మతగురువులు సిద్ధాంతాల పేరుతో ఒకరినొకరు వేధించుకోవడం సొంత ఊళ్ళోనే కళ్ళారా చూసి వెనకాడాడు. 1756 ఫిబ్రవరిలో దినచర్యలో ఒక చిత్రమైన ఊహ రాసుకున్నాడు. ఎక్కడో దూరదేశంలో ఒక జాతి బైబిలునే తన ఏకైక ధర్మశాస్త్రంగా పెట్టుకుని, ప్రతి మనిషీ అందులోని నీతిని పాటిస్తే ఆ దేశం ఎంతటి స్వర్గమవుతుందో అని. అదే ఏడాది ఆగస్టులో, మతగురువు పని వదులుకుని, ఊళ్ళోని ఒక న్యాయవాది దగ్గర శిష్యరికానికి చేరాడు. మనుషులందరూ మంచివాళ్ళయితే బాగుండునన్న కలా, కారన్న ఎరుకా ఒకే ఏడాదిలో ఒకే కుర్రవాడి తలలో ఉన్నాయి. ఆ తరువాత డెబ్భై ఏళ్ళ పాటు ఆయన రాసినదంతా ఆ రెంటి మధ్య తగువే అని నాకు తోస్తున్నది.

మధ్యాహ్నం భోజనానికి రైలు పెట్టెలాంటి చిన్న డైనర్‌లో కూర్చున్నాం. ఇలాంటి డైనర్ పెట్టెలను తయారుచేసిన ఫ్యాక్టరీ ఒకప్పుడు ఈ ఊళ్ళోనే ఉండేదట. వడ్డించే పెద్దావిడ నన్ను 'హనీ' అని పిలిచింది. అరవై దాటాక ఎవరూ నన్నలా పిలవలేదు. బీన్స్ తెమ్మంటే ఆవిడ ఆగి, "మాంసం తింటారా?" అని అడిగి, అందులో పందికొవ్వు వేస్తారని చెప్పింది. అడగకుండానే చెప్పినందుకు టిప్పు కాస్త ఎక్కువే పెట్టాను. ఇద్దరికీ కలిపి 31 డాలర్లయింది.

జూన్ 25, బుధవారం – బోస్టన్

ఓల్డ్ స్టేట్ హౌస్ ఇప్పుడు అద్దాల మేడల మధ్య బొమ్మరిల్లులా ఉంటుంది. దాని కింది నుంచే మెట్రో పోతుంది. మేడమీది కౌన్సిల్ గదిలో 1761లో జేమ్స్ ఓటిస్ అనే న్యాయవాది, ఏ ఇంట్లోనైనా చొరబడి సోదా చేసేందుకు సుంకాధికారులకిచ్చిన వారంట్లు చెల్లవని గంటల తరబడి వాదించాడు. ఆ రోజు శ్రోతల్లో యువకుడైన ఆడమ్స్ ఉన్నాడు. స్వాతంత్ర్యమనే శిశువు అప్పుడు, అక్కడే పుట్టిందని ముసలితనంలో రాశాడు. ఆడమ్స్‌కు స్వేచ్ఛ అంటే ముందుగా గుర్తొచ్చేది ఇదే: తలుపు తట్టే అధికారి చేతిలో కాగితం ఉందా లేదా, ఆ కాగితం మీద ఎవరి పేరుంది.

భవనం బాల్కనీ కింద నేల మీద రాళ్ళతో ఒక వలయం పరిచారు. 1770 మార్చి 5 రాత్రి బ్రిటిష్ సైనికులు జనం మీద కాల్పులు జరిపిన సంఘటనకు అది గుర్తు, చనిపోయినవారు ఐదుగురు. ఊరంతా సైనికుల రక్తం కళ్ళచూడాలని ఊగిపోతుంటే, కెప్టెన్‌నూ ఎనిమిది మంది సైనికులనూ వెనకేసుకువచ్చిన న్యాయవాదుల్లో ప్రధానుడు, అప్పటికే బ్రిటిష్ పన్నులకు ఎదురు నిలిచిన ఆడమ్స్. కెప్టెన్ నిర్దోషి అయ్యాడు, ఆరుగురు సైనికులూ నిర్దోషులయ్యారు, ఇద్దరికి మాత్రం హత్య కాని నరహత్య కింద బొటనవేలి మీద వాత పెట్టారు. ఆ వలయం మీద నిలబడి ఒక పర్యాటకుల గుంపు ఫొటోలు తీసుకుంటుంటే, వాళ్ళ గైడు ఐదుగురి పేర్లూ చెప్పి, న్యాయవాది పేరు చెప్పడం మరిచిపోయాడు. నా మనవడు ఊరుకోలేక చెయ్యెత్తి చెప్పాడు. గైడు టోపీ తీసి వాడికి నమస్కరించాడు. నాకు గర్వంగానే ఉంది, దాచుకోవడమెందుకు.

సాయంకాలం ఒక పాత హోటల్లో 'ఇండియన్ పుడ్డింగ్' అని చూసి తెప్పించాను. మన దేశానికీ దానికీ సంబంధం లేదు. వలస వచ్చిన ఇంగ్లీషువాళ్ళు మొక్కజొన్నను 'ఇండియన్' అనేవాళ్ళు. మొక్కజొన్న పిండిని పాలలో వేసి, చెరకు మొలాసిస్ కలిపి గంటల తరబడి కాలుస్తారు. చూడటానికి బెల్లం సంకటిలా నల్లగా, ముద్దగా ఉంటుంది. పైన వెనిలా ఐస్‌క్రీం ఉండ పెట్టి 12 డాలర్లు తీసుకున్నారు. మనవడు ఒక చెంచా తిని పక్కకు తోశాడు, నేను గిన్నె ఖాళీ చేశాను. మొలాసిస్ మీద బ్రిటన్ వేసిన సుంకాలను తలచుకుంటూ ఆడమ్స్ 1818లో, అమెరికా స్వాతంత్ర్యంలో మొలాసిస్ ఒక ముఖ్యమైన దినుసు అని ఒప్పుకోవడానికి సిగ్గెందుకని రాశాడు. ఆ మొలాసిస్ కరీబియన్ దీవుల్లో బానిసల చేత పండించిన చెరకు నుంచి వచ్చేది. బానిసను ఎన్నడూ ఉంచుకోని ఆడమ్స్ ఆ ముక్క కూడా చేర్చి ఉంటే బాగుండేది.

జూన్ 26, గురువారం – దారి తప్పి కొలంబియా పాయింట్

ఆ రోజు చేరవలసింది ఆడమ్స్ పుట్టిన ఇల్లున్న క్విన్జీకి. బోస్టన్ మెట్రోలోని రెడ్ లైన్ ఒక స్టేషను తరువాత రెండు పాయలవుతుందని, ఒకటి యాష్‌మాంట్‌కూ ఒకటి బ్రెయిన్‌ట్రీకీ పోతుందని మనవడికి తెలుసు. నేను కబుర్లలో పెట్టడం వల్ల వాడు బోర్డు చూడలేదు. ఫీల్డ్స్ కార్నర్ స్టేషన్లో పక్కన కూర్చున్న హైతీ పెద్దాయన మా మాటల్లో క్విన్జీ పేరు విని, "ఇది అటు పోదమ్మా" అన్నాడు. తనూ మాతో పాటు దిగి, వెనక్కి పోయే ప్లాట్‌ఫారం చూపించి, తరువాతి బండి కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. ఇక్కడివాళ్ళు మొహం మీద నవ్వు చూపరు గాని దారి అడిగితే పని మానుకుని చూపిస్తారు. వెనక్కి వచ్చి జేఎఫ్‌కే స్టేషన్లో దిగాక తెలిసింది, ఆడమ్స్ రాసిన మసాచుసెట్స్ రాష్ట్ర రాజ్యాంగం అసలు ప్రతి ఉన్న కామన్‌వెల్త్ మ్యూజియం ఆ స్టేషనుకు దగ్గరలోనే, కొలంబియా పాయింట్‌లో ఉందని. 2.40 డాలర్ల టిక్కెట్టు మీద ఇంతకంటే మంచి పొరపాటు చేయలేం. మ్యూజియానికి ప్రవేశ రుసుము లేదు.

మసక వెలుతురు గదిలో, గాజు వెనుక, 1780 నాటి మసాచుసెట్స్ రాజ్యాంగం ఉంది. ఇప్పటికీ అమలులో ఉన్న లిఖిత రాజ్యాంగాల్లో ప్రపంచంలోకెల్లా పాతది ఇదే. అమెరికా రాజ్యాంగం కంటే కూడా ముందుది. 1779లో ఆడమ్స్ ఫ్రాన్సు నుంచి వచ్చి మళ్ళీ ఫ్రాన్సుకు ఓడెక్కే లోపు, ఉన్న మూడు నెలల వ్యవధిలో, ముసాయిదా దాదాపు ఒంటిచేత్తో రాసి ఇచ్చాడు. అందులోని హక్కుల ప్రకటన ముప్ఫయ్యో అధికరణంలో శాసన, కార్యనిర్వాహక, న్యాయ శాఖలు ఒకదాని పని ఒకటి చేయరాదని చెప్పి, ఇది మనుషుల ప్రభుత్వం కాక చట్టాల ప్రభుత్వం కావడానికే అని ముగించాడు. యథా రాజా తథా ప్రజా అని మనం అంటాం. రాజు మంచివాడైతే సరిపోతుందన్న ఆశ అందులో ఉంది. ఆడమ్స్‌కు ఆ ఆశ లేదు. ఎవరు కూర్చున్నా కుర్చీకి పగ్గం ఉండాలంటాడు.

అలాగని గుణం అక్కరలేదనీ అనడు. ఇక్కడ నాకొక భాషా సంకటం వచ్చింది. ఆయన రాతల్లో అడుగడుగునా వచ్చే 'వర్చ్యూ' అన్న మాటకు మనవడు తెలుగు అడిగితే 'శీలం' అని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మనం ఆ మాటను ఆడవాళ్ళకు కట్టబెట్టి చిన్నది చేసేశాం. 'సద్వర్తన' అని చెప్పాను. సొంత లాభం కంటే ఊరి మేలు ముందు పెట్టడం అని అర్థం చెప్పాను. అదే రాజ్యాంగం ఐదో అధ్యాయంలో, ప్రజల హక్కులు నిలవాలంటే జ్ఞానం, సద్వర్తన జనమంతటా వ్యాపించాలని, అందుకు బడులను పోషించడం పాలకుల విధి అని రాసి, పిల్లల్లో పెంచవలసిన గుణాలను వరుసగా చెప్పాడు: దయ, కష్టపడటం, పొదుపు, నిజాయితీ, మాట మీద నిలబడటం, చివరికి ప్రసన్న స్వభావం కూడా. రాజ్యాంగంలో ప్రసన్నత! ఆ పంక్తి దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను. వూస్టర్ పంతులు ఇంకా చావలేదు.

ఇక మూడో అధికరణం. ప్రొటెస్టెంట్ బోధకుల పోషణకు ఊళ్ళు డబ్బు కట్టాలన్న నిబంధన అది. రెండో అధికరణం ఎవరి ఆరాధన వారు చేసుకునే హక్కు ఇస్తే, పక్కనే మూడోది పన్ను వేస్తున్నది. రాజ్యాంగం మొత్తంలో తాను రాయక విడిచిపెట్టినది ఆ మతం అధికరణం ఒక్కటేనని ఆడమ్స్ తరువాత ఒక ఉత్తరంలో చెప్పుకున్నాడు. నిజమే కావచ్చు. కానీ రాసిన కమిటీలో ఆయనా ఉన్నాడు, దానికి అడ్డు నిలిచిన దాఖలా లేదు. మతం లేనిదే సద్వర్తన నిలవదన్నది ఆయన నమ్మకం. నమ్మకాన్ని పన్నుగా మారిస్తే ఏమవుతుందో ఆనాడే బాప్టిస్టులు చెప్పారు, మొత్తుకున్నారు. 1820లో రాజ్యాంగ సవరణ సభకు ఎనభై ఐదేళ్ళ వయసులో ప్రతినిధిగా వెళ్ళి, అన్ని మతాలవారికీ చట్టం ముందు సమాన రక్షణ ఇవ్వాలని ఆయనే ప్రతిపాదించాడు. సభ ఒప్పుకోలేదు. ఆ పన్ను 1833లో గాని పోలేదు. అప్పటికి ఆయన పోయి ఏడేళ్ళు.

ఇదే కాగితంలోని మొదటి అధికరణం, మనుషులందరూ స్వేచ్ఛగా, సమానంగా పుట్టారన్నది, ఇంకొకరి చేతిలో వేరే పని చేసింది. క్వాక్ వాకర్ అనే బానిస దెబ్బలు తిని వూస్టర్‌లో కోర్టుకెక్కితే, 1783లో ప్రధాన న్యాయమూర్తి విలియం కుషింగ్, ఈ వాక్యంతో బానిసత్వం పొసగదని జూరీకి చెప్పాడు. మొన్న ఎవరో తువ్వాలు ఆరవేసి ఉండగా మేము చూసిన ఆ పాత కోర్టు భవనం ఉన్న ఊరే. ఆ వాక్యాన్ని అంతదూరం తీసుకువెళ్ళినది రాసినవాడు కాదు, దెబ్బలు తిన్నవాడు.

జూన్ 27, శుక్రవారం – క్విన్జీ

ఈసారి బ్రెయిన్‌ట్రీ బండి. ఊరి పేరు మళ్ళీ తప్పు పలికాను. 'క్విన్సీ' అంటే టిక్కెట్టు బల్ల దగ్గరి అమ్మాయి మర్యాదగా 'క్విన్జీ' అని తిరిగి పలికింది. ఆడమ్స్ ఇళ్ళు చూడటానికి టిక్కెట్టు నాకు 15 డాలర్లు, మనవడికి ఉచితం.

ఆడమ్స్ పుట్టిన ఇల్లు, ఆయన కొడుకు జాన్ క్విన్సీ ఆడమ్స్ పుట్టిన ఇల్లు పక్కపక్కనే, పెరటి గోడంత దూరంలో ఉన్నాయి. వెనుక కప్పు బాగా కిందికి వాలిన చెక్క ఇళ్ళు; లోపల మా మనవడి తల దూలానికి తగిలింది. ఆడమ్స్ రాజ్యాంగం రాసింది ఈ రెండో ఇంట్లోనే. అంతకు మూడేళ్ళ ముందు, 1776 మార్చి 31న, ఆయన భార్య అబిగైల్, కొత్త చట్టాలు చేసేటప్పుడు ఆడవాళ్ళను గుర్తుంచుకోండి, భర్తల చేతికి హద్దులేని అధికారం ఇవ్వకండి, వీలైతే మగవాళ్ళందరూ నిరంకుశులవుతారు అని ఉత్తరం రాసింది. నవ్వకుండా ఉండలేకపోతున్నానని ఆయన బదులిచ్చాడు. అధికారానికి పగ్గం ఉండాలని లోకానికి చెప్పిన మనిషికి ఇంట్లోవాళ్ళు అదే మాట చెప్తే నవ్వొచ్చింది. నలభై ఏళ్ళ కాపురం చేసినదాన్ని, నాకు ఆశ్చర్యం కలగలేదు.

పీస్‌ఫీల్డ్ పెద్ద ఇల్లు. జమైకా చెరకు తోటల యజమాని ఒకరు 1731లో కట్టించినది, ఆడమ్స్ దంపతులు లండన్‌లో ఉండగానే 1787లో కొన్నారు. అబిగైల్ ఇంగ్లండు నుంచి తెచ్చి నాటిన తెల్ల గులాబీ ఇప్పటికీ పూస్తుందని గైడు చూపించింది. తోటకు పక్కన రాతి గ్రంథాలయంలో 12,000కు పైగా పుస్తకాలు. మేడమీది చదువుకునే గదిలో ఆయన కుర్చీ ఉంది. 1826 జూన్ 30న ఊరివాళ్ళు వచ్చి, స్వాతంత్ర్యపు యాభయ్యో పండుగకు ఒక మాట చెప్పమంటే "స్వాతంత్ర్యం కలకాలం" అన్నాడు. ఇంకేమైనా చేర్చమంటే ఒక్క మాట కూడా వద్దన్నాడు. నాలుగు రోజులకు, జూలై 4నే, ఈ ఇంట్లో చనిపోయాడు. వర్జీనియాలో జెఫర్సన్ కూడా ఆ రోజే, కొన్ని గంటల ముందు.

గైడును నేనొక ప్రశ్న అడిగాను. "మన రాజ్యాంగం నీతీ మతమూ గల ప్రజల కోసమే, మరే ప్రజల పాలనకూ అది చాలదు" అని ఆడమ్స్ అమెరికా రాజ్యాంగం గురించి అన్న వాక్యం నేను ఎన్నో ప్రసంగాల్లో విన్నాను. అది 1798 అక్టోబరులో మసాచుసెట్స్ సైనిక దళానికి రాసిన జవాబు. దురాశ, పగ, విచ్చలవిడితనం వలను తిమింగలం చీల్చుకుపోయినట్టు రాజ్యాంగపు తాళ్ళను తెంపుతాయని కూడా అందులోనే ఉంది. అదే ఏడాది జూలైలో, ప్రభుత్వాన్ని దూషించడం నేరమనే సెడిషన్ చట్టం మీద సంతకం పెట్టింది కూడా ఆయనే కదా అన్నాను. మాథ్యూ లయన్ అనే కాంగ్రెస్ సభ్యుడు ఆడమ్స్‌ను విమర్శించి నాలుగు నెలలు జైల్లో ఉన్నాడు, వెయ్యి డాలర్ల జరిమానా కట్టాడు. గైడు తడుముకోలేదు. "ఆయన ఏడాది ముందు ట్రిపోలీ ఒప్పందం మీద కూడా సంతకం పెట్టారు, అమెరికా ప్రభుత్వం ఏ అర్థంలోనూ క్రైస్తవ మతం మీద స్థాపించినది కాదని అందులో ఉంది. ఆ మూడు కాగితాల వెనుక ఉన్న ముగ్గురు ఆడమ్స్‌లూ మీకు ఈ ఇంట్లోనే దొరుకుతారు" అంది. నా తరగతిలో ఇలాంటి జవాబు చెప్పిన పిల్లకు పదికి పది వేసేదాన్ని.

మధ్యాహ్నం ఒక వియత్నాం హోటల్లో టోఫు, కూరగాయలతో ఫో అనే నూడుల్స్ పులుసు తిన్నాం. 15 డాలర్ల గిన్నె ఇద్దరికి సరిపోయింది. ఈ ఊళ్ళో తూర్పు ఆసియావాళ్ళు చాలామంది. ఆడమ్స్ పేరున్న వీధి బోర్డుల కింద చైనా కిరాణా కొట్లు. హోటల్ బల్ల మీది స్థానిక పత్రికలో ఊరి తగువు ఒకటి చదివాను. పోలీసు, అగ్నిమాపక దళాల కొత్త భవనం ముందు, ఆ రెండు వృత్తులవారిని కాపాడే పునీతులని కేథలిక్కులు నమ్మే సెయింట్ మైకేల్, సెయింట్ ఫ్లోరియన్‌ల పదడుగుల కంచు విగ్రహాలు పెట్టాలని నగర పాలకులు తలపెట్టారు. కొందరు పౌరులు మే నెలలో దావా వేశారు. ఆధారం ఏమిటనుకున్నారు? రాష్ట్ర రాజ్యాంగం మూడో అధికరణం. ఒకప్పుడు మతానికి పన్ను వేసిన అధికరణమే, 1833లో మారిన రూపంలో, ఇప్పుడు ప్రభుత్వం ఏ మతానికీ కొమ్ముకాయరాదంటూ కోర్టులో నిలబడింది.

హాన్‌కాక్-ఆడమ్స్ కామన్‌లో ఆడమ్స్ విగ్రహం దగ్గర బెంచీ మీద ఒక ముసలాయన పావురాలకు గింజలు వేస్తున్నాడు. అడిగితే, రిటైరైన ఫైర్‌మన్‌నని చెప్పి, ఫ్లోరియన్ తమ వృత్తికి గుర్తేగాని మతం కాదని, మెడలోని పతకం తీసి చూపించాడు. పక్క బెంచీ మీద కుక్కతో కూర్చున్న ఆవిడ, "మెడలో వేసుకో, ఎవరొద్దన్నారు? నా పన్నుతో వద్దు" అంది. ఇద్దరూ ఒకరినొకరు ఎరిగినవాళ్ళే. గొంతు లేవలేదు, ఆవిడ లేచి వెళ్ళేటప్పుడు అతని సంచీలో ఇన్ని గింజలు పోసి పోయింది.

ఎదురుగా ఉన్న రాతి చర్చి 1828లో పూర్తయింది. ఆడమ్స్ ఊరికిచ్చిన భూముల గనుల రాయి అది. విరాళం పెట్టె దగ్గర 10 డాలర్లు వేసి, నేలమాళిగలోకి దిగాం. జాన్, అబిగైల్, వాళ్ళ కొడుకు, కోడలు లూయిసా కేథరీన్. నాలుగు గ్రానైటు పెట్టెలు, తక్కువ ఎత్తు కప్పు, బయటి వేడి తగలని చల్లదనం. ఇది ఊరి చర్చి కావడానికి ఒకప్పుడు ఊరి పన్నే కారణమని మనవడికి చెప్పాను. వాడు ఒక చేత్తో రాయిని తాకి, "అమ్మమ్మా, మీ తెనాలి పోలీసులు దసరాకి పూజ చేస్తారని ఒకసారి చెప్పావు కదా" అన్నాడు.

చేస్తారు. ఆయుధ పూజ, జీపుకు నిమ్మకాయలు, టైరు కింద గుమ్మడికాయ. స్టేషనుకు ఒకసారి పిల్లల్ని పౌరశాస్త్రం క్షేత్ర పర్యటనకు తీసుకువెళ్ళి, పులిహోర ప్రసాదం అందరికీ పెట్టించినదాన్ని నేనే. ఆ మరుసటి వారమే తరగతిలో మన దేశ రాజ్యాంగంలో మతస్వేచ్ఛ గురించిన ఇరవై ఐదో అధికరణం చెప్పాను.

"ఎవరైనా కేసు వేశారా?" అన్నాడు.

"లేదు రా. ఆ తరగతిలో ముస్లిం పిల్లలు నలుగురుండేవాళ్ళు. వాళ్ళు ప్రసాదం తీసుకున్నారో లేదో నేను చూడలేదు" అన్నాను.

గైడు దీపాలు ఆర్పడానికి మా కోసం ఎదురుచూస్తున్నది. మెట్లెక్కి బయటికి వచ్చేసరికి బెంచీ మీది ముసలాయన వెళ్ళిపోయాడు, పావురాలు మాత్రం ఆ గింజల దగ్గరే ఉన్నాయి. స్టేషనుకు నడుస్తూ, ఆ నలుగురి పేర్లు గుర్తు చేసుకున్నాను. ముగ్గురివి గుర్తొచ్చాయి.